వాసన లేని మత్తు

పసిదాని నుదుటి మీద బొప్పి రేగుపండంత లేచింది.

కనకరత్నం పంచదార తడిపి దాని మీద అద్ది, బొటనవేలితో అదిమి పట్టుకుంది. పిల్ల ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. ఇప్పుడు వెక్కిళ్ళు మాత్రం మిగిలాయి. పక్కనే రేవతి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కాళ్ళ దగ్గర బట్టల సంచి ఉంది. సంచిని కనకరత్నం చూసింది. చూసిందని రేవతికీ తెలుసు. ఇద్దరూ దాని మాట ఎత్తలేదు.

అరుగు కింద జనం ఇంకా కదలలేదు. పిల్ల గుక్కపట్టిందని పరిగెత్తుకొచ్చినవాళ్ళు, ఏమీ కాలేదని తెలిశాక కూడా వెళ్ళడానికి మనసొప్పక నిలబడ్డారు. అక్కడ చూడాల్సింది ఇంకొకటి ఉంది మరి. గుమ్మం పక్కన గుంజకు వీపు ఆనించి నాగబాబు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతున్నాడు. పిల్ల జారింది వాడి ఒళ్ళోంచే. మెట్టు అంచు తగిలి అది కేరుమంటే వీధి చివరి వాళ్ళకు వినపడింది. కన్నతండ్రికి వినపడలేదు.

తమాషా అయిపోయింది, ఇక పొండని కనకరత్నం కసిరాక గానీ వాకిలి ఖాళీ కాలేదు.

"పిల్ల ఏడిస్తే లేవలేదత్తా," అంది రేవతి.

"వేటకెళ్ళొచ్చిన ఒళ్ళు. మొద్దునిద్ర పడుతుంది."

"వేటకెప్పుడెళ్ళాడు? అమావాస్య నాడు వచ్చాడు. మళ్ళీ పడవెక్కలేదు."

అనుమానం వచ్చినప్పుడు కనకరత్నం చేసే పని ఒకటుంది. పిల్లను కోడలి ఒళ్ళో పెట్టి, కొడుకు దగ్గరకు వెళ్ళి, వంగి, వాడి నోటి దగ్గర ముక్కు పెట్టింది. రెండుసార్లు ఊపిరి పీల్చి చూసింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది.

"తాగలేదు," అంది, తీర్పు చెప్పినట్టు.

"తాగాడని నేనన్నానా?" అంది రేవతి.

కనకరత్నం ముక్కంటే పల్లెపాలెంలో మగాళ్ళకు హడలు. బందరుకు కూతవేటు దూరంలో, సముద్రపు కాలవ ఒడ్డున ఉన్న ఈ పాలెంలో సారా కాయని ఇల్లు లేదు, సారా తాగని ఇల్లూ లేదు అనుకునే రోజుల్లో ఆమె మొగుడు కడుపు ఉబ్బి చచ్చిపోయాడు. ఆ కర్మకాండ అయిన వారానికే ఆమె కొంగు నడుముకు చుట్టి, పాలెం ఆడవాళ్ళను వెంటేసుకుని వెళ్ళి కుండలు పగలగొట్టింది. ఆ తర్వాత రాష్ట్రం మొత్తానికి నిషేధం వచ్చింది. వచ్చినంత మాత్రాన తాగేవాడికి దొరక్కుండా పోతుందా? ఎక్కడెక్కడి నుంచో సీసాలు దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి. అందుకని కనకరత్నం ఒక కట్టుబాటు పెట్టించింది. సాయంత్రం పడవెక్కబోయే ప్రతి మగాడూ రేవులో ఆడవాళ్ళ ముందు నిలబడి నోరు తెరిచి ఊదాలి. నోరు చూడ్డం అంటారు దాన్ని. వాసన వచ్చినవాడి పేరు రామమందిరం మైకులో చెప్తారు. పౌర్ణమి దాకా ఏ పడవా వాణ్ణి ఎక్కించుకోదు.

మొదట్లో నవ్వారు. తాగినవాడు పడవలో ఉంటే వాడొక్కడే మునగడు కదా అని ఆమె అడిగితే నవ్వు ఆగిపోయింది.

అలా పట్టుబడినవాళ్ళలో బుల్లెమ్మ మొగుడు తాతారావు ఒకడు. వరసకు కనకరత్నానికి తమ్ముడు. పట్టుబడ్డ రోజు చేతులు పట్టుకుని బతిమాలాడు. ఇంటికాడ మాట్లాడు అక్కా, నలుగురిలో వద్దు అన్నాడు. కనకరత్నం వినలేదు. వింటే కట్టుబాటు ఎక్కడుంటుందని ఆమె లెక్క. మైకులో పేరు వినపడ్డ మర్నాడు తాతారావు బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల కాపలాకు వెళ్ళిపోయాడు. పండక్కి కూడా రాలేదు. బుల్లెమ్మ అప్పటినుంచీ కనకరత్నంతో మాట్లాడలేదు. రేవులో మాత్రం రోజూ వచ్చి పక్కనే నిలబడుతుంది.

అలాంటి రేవులో, రోజూ అందరికంటే ముందు వచ్చి, అడక్కుండానే నోరు తెరిచేవాడు నాగబాబు. పడవెక్కని రోజు కూడా ఊదేసి వెళ్ళేవాడు. కనకరత్నానికి అదొక పండగ.

"అత్తా," అంది రేవతి, "మధ్యాన్నం బస్సుకి కృత్తివెన్ను వెళ్తున్నా. మా నాన్న నీ తమ్ముడే, నిన్నేమీ అనడు. నేను కూడా బావని ఏమీ అనను. కానీ పిల్లని మాత్రం ఆ చేతుల్లో పెట్టను."

మేనకోడలు కాబట్టి ఆ మాట అంత సూటిగా అనగలిగింది. మేనకోడలు కాబట్టే కనకరత్నానికి అంత లోతుగా దిగింది.

ఒక్క నిద్రకి కాపురం వదులుకుంటావా అని ఆమె కోప్పడింది. రేవతి అప్పుడు మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. మనసులో ఎన్నాళ్ళుగానో పేర్చుకున్నవి ఒక్కొక్కటే తీసి ముందు పెట్టినట్టు చెప్పింది. చేపల పులుసు పెడితే మట్టిలా ఉందంటున్నాడు. అన్నం నాలుగు ముద్దలు. బెల్లం మాత్రం డబ్బా డబ్బా తినేస్తున్నాడు. కూర్చుంటే తూగుతాడు, పడుకుంటే దొర్లుతాడు. ముక్కు, మెడ ఒకటే గోకుడు. ఒక్కో పొద్దున ఆవులింతలు ఆగవు, కళ్ళలోంచి ముక్కులోంచి నీళ్ళు, ఒళ్ళంతా గగుర్పాటు, అందరి మీదా విసుగు. చొక్కా వేసుకుని బయటికెళ్ళి వస్తాడు. వచ్చేసరికి పెళ్ళికొడుకులా నవ్వుతుంటాడు.

"చొక్కా విప్పడత్తా. నా ముందు కూడా విప్పడు. దీపం తీసేశాక విప్పుతాడు."

కనకరత్నం ఇది వినలేనట్టు మొహం తిప్పుకుంది. అయినా చొక్కాల సంగతి ఆమెకు నచ్చిన సంగతి. ఒంటి మీద బనీను కూడా లేకుండా వలలు లాగే జాతి ఇది. ఈ ఎండాకాలం నుంచీ పాలెం కుర్రాళ్ళు కొందరు మణికట్టు దాకా చేతులున్న చొక్కాలు తొడిగి, గుండీలు పెట్టుకుని తిరుగుతున్నారు. నాగబాబు, బుల్లెమ్మ కొడుకు దుర్గాప్రసాదు, ఇంకా ఒకరిద్దరు. సారా పోయాక పిల్లలకి ఒంటి మీద శ్రద్ధ వచ్చింది, ఆఫీసు బాబుల్లా ఉన్నారని ఆమే పదిమందితో చెప్పుకుంది.

"ఎవత్తైనా ఉందేమోనే," అంది చివరికి, గొంతు తగ్గించి.

"ఉంటే బాగుండును. దాంతో తగువు పెట్టుకునేదాన్ని." రేవతి లేచింది. "ఒకసారి పెరట్లోకి రా."

పెరట్లో వెదుళ్ళ మీద వల ఆరేసి ఉంది. అమావాస్య నుంచీ నాగబాబు బాగుచేస్తున్నానంటున్న వల. అంచు పట్టుకుని ఎత్తి చూడమంది రేవతి. కనకరత్నం ఎత్తింది. వల బరువు ఆమె చేతికి చిన్నప్పటినుంచీ తెలుసు. అడుగంచుకు సీసం గుళ్ళు ఉంటాయి. అవి లాగితేనే వల నీళ్ళలో నిలబడుతుంది. ఈ అంచు గాలికి ఊగుతోంది. ఒక కొస నుంచి సగం దాకా గుళ్ళు లేవు. ఎవరో తొందరపడి కోసినట్టు కూడా లేదు. ఓపిగ్గా ఒక్కొక్కటే ఊడదీసి, తాడు మళ్ళీ ముడేసి ఉంది. ఆ ముడి కనకరత్నం కొడుక్కి నేర్పిన ముడే.

ఆమె తాగుబోతు మొగుడు ఇంట్లో ఇత్తడి అమ్ముకున్నాడు. కానీ వల జోలికి పోలేదు.

"దొంగలేమో," అంది. అంటుంటే తనకే నమ్మకం కుదరలేదు.

రేవతి వలను మళ్ళీ వెదురు మీద సర్దింది, ఇంకా ఎవరికైనా చూపించాలన్నట్టు జాగ్రత్తగా.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి నాగబాబు లేచాడు. ఇంకా మత్తుగానే, పిల్ల వైపు చెయ్యి చాచాడు. రేవతి పిల్లను భుజం మీదికి మార్చుకుని అటు తిరిగింది. అప్పుడు వాడు బొప్పిని చూశాడు.

"ఏమైంది?"

వాడు తల్లి మొహం చూశాడు, పెళ్ళాం వీపు చూశాడు, తన ఖాళీ ఒళ్ళోకి చూసుకున్నాడు. అర్థమయ్యాక వాడి పెదాలు చిన్నపిల్లాడిలా వంకరపోయాయి. నిద్ర పట్టేసింది అంతే, ఇంకోసారి జరగదు అన్నాడు. నిజంగానే ఏడ్చాడు. నటన కాదని కనకరత్నానికి తెలుసు. వాడికి కూతురంటే ప్రాణం. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ప్రాణమైనదాని ఏడుపు కూడా చెవిన పడనివ్వనిది ఏమిటది?

తల్లి చూపు వాడు ఓర్చుకోలేకపోయాడు. "ఏంటమ్మా, అనుమానమా? ఇదిగో, చూసుకో," అని నోరు తెరిచి హా అని ఊదాడు. బెల్లం వాసన వచ్చింది.

ఆమె వాడి కళ్ళు చూసింది. ఎర్రగా లేవు. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. సారా కళ్ళు ఆమెకు తెలుసు. ఇవి అవి కావు. మధ్యలో కంటిపాప మాత్రం ఆవగింజంత అయిపోయి ఉంది. దాన్ని ఏమనుకోవాలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం మత్తయి పడవ మీద వేటకెళ్తున్నానని వాడు చెప్పాడు. ముందు భుజానికి సూది వేయించుకొస్తానన్నాడు. పోయినేడు పడవ ఇంజను హ్యాండిలు వెనక్కి కొట్టి వాడి భుజం ఎముక చిట్లింది. అప్పటినుంచీ పాలెం మొగలో ఉన్న ఆర్ఎంపీ కాంతారావు దగ్గర సూది. ప్రతి శుక్రవారం డాక్టరుగారికి ఒక మంచి చందువ చేప కనకరత్నమే ఏరి, ఆకులో చుట్టి కొడుకు చేత పంపిస్తుంది.

వాడికి నీరసమే అయ్యుంటుందని అప్పటికప్పుడు ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది. తిండి లేక తూగు, రక్తం లేక నిద్ర. తనూ వస్తానని, డాక్టరుగారిని మంచి టానిక్కు అడుగుతానని అంది.

"నువ్వెందుకమ్మా ఎండన పడి? నేనే అడుగుతాలే," అన్నాడు నాగబాబు. మరీ తొందరగా అన్నాడు. చేప చుట్టిన ఆకు అందుకుని, చొక్కా చేతుల గుండీలు తడిమి చూసుకుని, వీధిలోకి వెళ్ళిపోయాడు.

రేవతి అత్త వంక చూసింది. "బస్సు సంగతి సాయంత్రం చూస్తా," అంది. "ఈలోగా బావకేమైందో నువ్వు తేల్చు. నీ మాటైతే నమ్ముతా."

కాంతారావు పట్టా ఉన్న డాక్టరు కాదు. పాలేనికి ఆ పట్టింపు లేదు. బందరు పెద్దాసుపత్రిలో మాత్రలిచ్చి పంపితే మనసు నిండక, తిరిగొచ్చి ఆయన దగ్గర సూది పొడిపించుకుంటేనే మందు పడ్డట్టు లెక్క ఇక్కడ. కనకరత్నం కూడా అందరిలాంటిదే. కొడుకు భుజం పట్టుకుని మూలిగితే, మాత్రలు పక్కన పెట్టించి, పెద్ద సూదే వెయ్యండి బాబూ అని దగ్గరుండి వేయించింది. వాడు పది నిమిషాల్లో నవ్వుతూ లేచి కూర్చుంటే ఆ సూదికి దణ్ణం పెట్టుకుంది.

కనకరత్నం వెళ్ళేసరికి కాంతారావు గదిలో రోగులెవరూ లేరు. కుర్చీలో కునుకుతున్నవాడు ఆమెను చూసి సర్దుకున్నాడు. చాన్నాళ్ళకొచ్చావని పలకరించాడు. ఆమె గది చుట్టూ చూసింది. కొడుకు లేడు.

"మావాడు వచ్చి వెళ్ళాడాండీ? చందువ ఎలా ఉంది, మంచిదేనా?"

"ఏ చందువమ్మా?"

వాడిప్పుడే తెచ్చాడు కదా, శుక్రవారం శుక్రవారం పంపిస్తున్నాను కదా అని ఆమె చెప్పుకుపోతుంటే ఆయన ముఖం మారిపోతూ వచ్చింది. బల్ల మీద ఉన్న గుడ్డ తీసి, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు.

"కనకరత్నం, మీవాడు నా గడప తొక్కి చాన్నాళ్ళయింది. ఉగాదికి ముందే మానేశాడు. కాదు, నేనే మాన్పించాను. భుజం ఎప్పుడో అతుక్కుంది. అయినా నొప్పి నొప్పి అని రోజూ వచ్చేవాడు. ఒకటేస్తే రెండు అడిగేవాడు. ఇక వెయ్యనన్నాను. కాళ్ళు పట్టుకున్నాడు."

ఆమె నిలబడే ఉంది. కూర్చోమని ఆయన అన్నాడు గానీ ఆమెకు వినపడలేదు.

"మరి ఇప్పుడెవరు వేస్తున్నారండీ?"

"ఎవరూ వెయ్యక్కర్లేదమ్మా. ఇన్నాళ్ళు చూశాడుగా, నేర్చుకున్నాడు. మందు బజార్లో ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు." ఆయన గొంతు బాగా తగ్గించాడు. "అది నొప్పి మందే. కానీ మత్తు ఎక్కువ. దొరక్కపోతే ఒళ్ళంతా విరుస్తుంది, ముక్కు కారుతుంది, మనిషి మనిషిలా ఉండడు. దొరికితే కూర్చున్నచోటే తూగుతాడు. ఎక్కువ పడితే ఊపిరి కూడా మందగిస్తుంది. నిద్రలోనే పోవచ్చు."

రేవతి పొద్దున చెప్పినవన్నీ ఆయన నోట మళ్ళీ వింది కనకరత్నం. జబ్బు పేరు తెలియకుండానే కోడలు చెప్పింది. ఈయన పేరు తెలిసీ ఇన్నాళ్ళూ చెప్పలేదు. తన ఇంట్లో, తన ముక్కు కింద, ఇంత జరిగింది. వాసన లేదు కాబట్టి జబ్బు లేదనుకుంది. అంతకంటే ఘోరం, కొడుకు చొక్కా చూసి మురిసిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

కాంతారావు గుడ్డ మడతపెట్టాడు. "నువ్వు రేవులో నిలబెడతావని వాడు భయపడ్డాడు. మా అమ్మకి చెప్తే కాలవలో దూకుతా అన్నాడు." మడతపెట్టిన గుడ్డ మళ్ళీ విప్పాడు. "మొదలుపెట్టింది నేను. నా పేరు మైకులో చెప్తావని నాకూ భయమే."

ఆమె బయటికి వచ్చింది. తిట్టాలనే ఉంది. కానీ పెద్ద సూది వెయ్యమన్న నోరు తనదే. ఎండ తగ్గింది గానీ ఉక్క తగ్గలేదు. వాన పడితే బాగుండునని పాలెమంతా ఎదురుచూస్తోంది. ఆమె నడుస్తూ నడుస్తూ ఒక ఇంటి చూరు పట్టుకుని ఆగింది. తాతారావు మొహం గుర్తొచ్చింది. ఆ మనిషి సీసా తాగాడు, వాసన వచ్చింది, పట్టుకుంది. ఎంత సులువుగా పట్టుకుంది. అలా పట్టుకుని మైకులో పేరు చెప్పిన ప్రతిసారీ ఇంట్లో కొడుకు విన్నాడు. విని నోరు శుభ్రంగా ఉంచుకోవడం నేర్చుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అరుగు ఖాళీగా ఉంది. బట్టల సంచి లేదు. పక్కింటి రాఘవమ్మ రేవుకు బయల్దేరుతూ చెప్పింది, నాగబాబు ఎప్పుడో రేవుకు వెళ్ళాడని, రేవతి పిల్లనెత్తుకుని అటే వెళ్ళిందని. మత్తయి సముద్రపు పోటు చూసుకుని తొందరపడుతున్నాడట.

కనకరత్నం చెప్పులు లేకుండానే బయల్దేరింది.

రేవులో ఆడవాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. మగాళ్ళు వరస కట్టారు. ఆమె రాగానే పక్కకు జరిగి, ఎప్పుడూ నిలబడే చోటు ఇచ్చారు. బుల్లెమ్మ ఎప్పట్లాగే పక్కన నిలబడి కాలవ వంక చూస్తోంది. రోడ్డు మలుపు దగ్గర రేవతి ఆగి ఉంది. భుజాన పిల్ల, చేతిలో సంచి. ఇటు రేవూ అటు బస్సు వచ్చే దారీ రెండూ కనపడే చోటది.

వరసలో మొదట నాగబాబే ఉన్నాడు. పొద్దుటి ఏడుపు ఆనవాలు లేదు. మొహం తేటగా, తల దువ్వుకుని, గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. తల్లిని చూసి నవ్వాడు. నోరు తెరిచి ఊదాడు.

బెల్లం.

ఎప్పుడైనా ఆమె ఊఁ అంటే వాడు వెళ్ళిపోతాడు. ఇవాళ ఆమె ఊఁ అనలేదు. చెయ్యి చాచి వాడి మోచేతి కింద పట్టుకుంది. గట్టిగా కూడా పట్టుకోలేదు. వాడు నొప్పికి పళ్ళ బిగువున ఊపిరి లాగాడు. చొక్కా గుడ్డ కింద ఆమె వేళ్ళకు కండ గట్టిగా, గడ్డలు గడ్డలుగా తగిలింది.

నవ్వు పోయింది వాడి మొహంలో.

"డాక్టరు దగ్గరకెళ్ళావా?" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా.

"వెళ్ళాను."

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అమ్మా. నలుగురిలో వద్దు."

ఆ మాట ఆమె ఇదే చోట ఇంతకుముందు విన్నది. పక్కన బుల్లెమ్మ ఇంకా కాలవనే చూస్తోంది. విన్నదో లేదో తెలియలేదు.

ఇప్పుడు ఊఁ అంటే చాలు. వాసన లేదు, అది అబద్ధం కాదు. కట్టుబాటు తప్పినట్టూ కాదు. వాడు పడవెక్కుతాడు. రేపు పొద్దున వస్తాడు, ఇంట్లో తలుపేసుకుని మాట్లాడుకోవచ్చు. పరువు దక్కుతుంది. వాడు కాలవలో దూకుతానన్నాడట కదా. నలుగురిలో అంటే నిజంగా దూకితే?

కానీ పడవ అంచున కూర్చుని వల వదిలేవాడు వాడే. గుంజకు ఆనుకుని తూగినట్టు అక్కడా తూగుతాడు. ఒళ్ళోంచి పిల్ల జారినట్టు పడవలోంచి తన పిల్లాడు జారిపోతే, నీళ్ళలో పడ్డాక కూడా లేవడు. ఆ బొమ్మ కళ్ళముందు కట్టేసరికి కనకరత్నానికి పరువు మీద ఆశ చచ్చిపోయింది.

"ఏమైంది కనకరత్నం? వాసనొచ్చిందా?" అంది రాఘవమ్మ.

"రాలేదు." ఆమె కొడుకు చెయ్యి వదల్లేదు. "రాదు కూడా. మత్తయ్యా, వీడు పడవెక్కడు. వీడికి జబ్బు చేసింది."

ఏం జబ్బని మత్తయి పడవలోంచి అడిగాడు.

"సూది మరిగాడు. నొప్పికని నేనే వేయించాను. అదే మత్తుగా మారి కూచుంది. మీ అందరి నోళ్ళూ చూస్తూ నిలబడ్డాను గానీ నా కొడుకు చెయ్యి చూడలేదు. మైకులో చెప్పాలంటే నా పేరు చెప్పండి. వీణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనకండి. పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్తా."

నాగబాబు దూకలేదు. ఉన్నచోటే ఇసుకలో కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. కనకరత్నం వాడి పక్కనే కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. దాన్ని విప్పమని ఆమె అడగలేదు. రోడ్డు మలుపున బస్సు హారను వినపడింది. రేవతి సంచి కింద పెట్టింది. బస్సు వైపూ నడవలేదు, ఇటు వైపూ రాలేదు.

"ఎట్టా తెలిసింది వదినా?"

ఆ గొంతు పోల్చుకోవడానికి కనకరత్నానికి ఒక క్షణం పట్టింది. అది వినక చాలా కాలమైంది. బుల్లెమ్మ ఆమె పక్కన నిలబడి ఉంది. ఆ గొంతులో ఎగతాళి లేదు, పాత పగా లేదు. వణుకు ఉంది.

"వాసన లేకపోతే ఎట్టా తెలుస్తుంది? ఏం చూసి కనిపెట్టావు?"

చెబుదామని కనకరత్నం తల ఎత్తింది. కోడలు పొద్దున చెప్పినవన్నీ నాలుక చివరికి వచ్చాయి. బెల్లం, గోకుడు, తూగు, ఈ ఎండలో మణికట్టు దాకా చొక్కా.

నాగబాబు కూలబడ్డాక వరసలో ఇప్పుడు ముందుగా బుల్లెమ్మ కొడుకు దుర్గాప్రసాదు నిలబడి ఉన్నాడు. చెమట గడ్డం మీదుగా కారుతోంది. వాడు ఎవరి వంకా చూడ్డం లేదు. ఊడిపోయిన చొక్కా చేతి గుండీని రెండో చేత్తో పెట్టుకోవాలని చూస్తున్నాడు, అది కుదరడం లేదు.

బుల్లెమ్మ అడిగింది నాగబాబు గురించి కాదు. ఆమె ఆ గుండీనే చూస్తోంది.